అప్పారావు మామయ్య అడిగిన అగ్రిమెంటు

12 జూలై 1983, మంగళవారం

గాజువాక స్థలం మాకు అమ్ముతానని అగ్రిమెంటు రాసి, మూడేళ్లుగా రిజిస్ట్రేషన్ చేయకుండా తిప్పుతున్న అప్పారావు మామయ్య ఈరోజు తనే ఇంటికొచ్చాడు.

"బావా, ఆ అగ్రిమెంటు ఓపాలి ఇయ్యి. ప్లీడరుకి సూపించి రేపే రిజిస్ట్రేషన్ సేయించేత్తాను."

నాన్న ఇచ్చెయ్యమన్నట్టు నావైపు చూశాడు. కోర్టులో దావా వేయడానికి మాకున్న ఆధారం ఆ కాగితమొక్కటే. దావా గడువు ఈ నెలతో తీరిపోతుంది. సరిగ్గా ఇప్పుడే ఎందుకు అడిగాడు?

"మా ఆఫీసు బీరువాలో ఉంది మామయ్యా," అన్నాను.

"సదువుకున్న పిల్ల, మనల్ని నమ్ముతాదేటి?" అని నవ్వి, టీ ముట్టకుండా వెళ్లిపోయాడు.

"బావా అని ఇంటికొచ్చినోడి ముందు పరువు తీసావు. రేపు నువ్వే అట్టుకెల్లి ఇచ్చేయ్," అన్నాడు నాన్న.

కాగితం నా ట్రంకుపెట్టెలోనే ఉంది. దావా వేసేదాకా ఆ సంగతి నాన్నకు కూడా చెప్పను. ఆయన్ని నమ్మలేకపోవడం ఇదే మొదటిసారి.