కుట్టుమిషను మీద ఊరు

అక్కా,

నీకు ఉత్తరం రాసినప్పుడల్లా బాగున్నావా అని మొదలుపెట్టేదాన్ని. ఇవాళ ఆ మాట దగ్గరే చెయ్యి ఆగిపోయింది. నువ్వు వెళ్ళి పదకొండు నెలలైంది. ఇంకో ఇరవై రోజుల్లో సంవత్సరీకం. పది రోజులకని ఒక్క చేతిసంచీతో వచ్చినదాన్ని, ఇంకా నరసన్నపేటలో నీ ఇంట్లోనే ఉన్నాను. నడిమింట్లో, నీ కుట్టుమిషను పక్కన పీట వేసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మిషను మీద పెట్టుకుని రాయొచ్చు కదా అంటావు. అక్కడ చోటు లేదక్కా. దాని మీద ఊరుంది. ఏ ఊరో నీకు తెలుసు.

ముందు నీ మణి సంగతి చెప్తాను. ఏడేళ్ళు నిండాయి. పై పళ్ళు రెండూ ఊడాయి. నువ్వు పోయాక ఏడవలేదు... అదే నాకు భయం. పెట్టింది తింటుంది, జడ వేస్తానంటే కూర్చుంటుంది. కానీ నేను పెరట్లోకి వెళ్తే పెరట్లోకి, నూతి దగ్గరికి వెళ్తే నూతి దగ్గరికి. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు నా పైటచెంగు తన మణికట్టుకి ముడి వేసుకుని పడుకుంటుంది. విప్పుకోవడం నాకు రాక కాదు. విప్పితే లేస్తుంది.

దీన్ని ఆడించాలి అనుకున్నాను. నలభై రెండేళ్ళు వచ్చాయి, విజయనగరం కాలేజీలో తర్కం పాఠం చెప్పగలను గానీ ఒక్క పిల్లతో ఆడటం ఎలాగో నాకు తెలియదు. నీకెలా తెలిసింది? ఎవరు నేర్పారు?

దాడి గీశాను. అష్టాచెమ్మా గీశాను. పులీమేకా ఆడాం. బుద్ధిగా కూర్చునేది, తన వంతు రాగానే కాయ జరిపేది. కాసేపటికి "నువ్వే గెలిసీసావు పిన్నీ" అని లేచిపోయేది. నేను గెలవకపోయినా అదే మాట.

వాల్తేరులో నాతో చదువుకున్న స్నేహితురాలికి రాశాను, చిన్నపిల్లతో బల్ల మీద ఆడుకునే సులువైన ఆటలేమైనా ఉన్నాయా అని. ఆవిడ ఒక అట్టపెట్టె పంపింది. వాళ్ళ పక్కింటి దొరల కుటుంబం ఊరు వదిలి వెళ్తూ ఇచ్చిన సీసపు సిపాయిలట. చిటికెన వేలంత. ఎర్రకోట్ల వాళ్ళు పన్నెండుమంది, నీలంకోట్ల వాళ్ళు పదకొండుమంది. ఆడే పద్ధతి కూడా కాగితం మీద రాసి పంపింది. అడుగుబద్దతో కొలిచి నడిపించాలి, పాచిక వేసి కాల్చాలి, పడిపోయినవాణ్ణి తీసి పక్కన పెట్టాలి. ఆ కాగితాన్ని పరీక్షకి చదివినట్టు చదివాను. మణికి అర్థం కావాలని సగం కొట్టేసి మళ్ళీ రాశాను. బల్ల కోసం వెతికితే నీ మిషనే కనబడింది. మూత దింపి, పుస్తకాలు పేర్చి కొండలు చేసి, సిపాయిల్ని బారులు తీర్చాను.

మణి చాలాసేపు చూసింది. "ఈల్లంతా ఏ ఊరోల్లు పిన్నీ?" అంది. తెలియదన్నాను. "ఈల్లకి బువ్వ ఎవులు ఎడతారు?" అంది. ఆ కాగితంలో ఆ సంగతి రాసిలేదు. అప్పుడు అది మిషను కింద దూరి, తొక్కుడు చెక్క వెనకనుంచి నీ బిస్కెట్ల డబ్బా లాగింది.

ఇన్ని చేశావా అక్కా... నేను వచ్చినప్పుడు ఒక్కసారి కూడా చూపించలేదేం? నవ్వుతాననుకున్నావా?

పొయ్యిలో కాల్చిన మట్టి బొమ్మలు, వేలి కణుపంత. నెత్తిన గంపతో చేపలామె. కావిడి మనిషి. గొడుగు శెట్టి. కాలు విరిగితే లక్కతో అతికించిన దూడ. నడుం వంగిన ముసలమ్మ ఒకర్తి... మీ అత్తగారేనని చూడగానే తెలిసి, నువ్వు పోయిన తర్వాత మొదటిసారి నవ్వాను. గుడ్డపీలికలో తలదాకా చుట్టిన పసుపు చీర బొమ్మ... అది అమ్మట. అగ్గిపెట్టెల ఇళ్ళు. బట్టలకి గీసే సుద్దతో మణి బల్ల మీద దారి గీసింది. ఈ చివర నరసన్నపేట, ఆ చివర నీలం గుడ్డముక్క పరిచి భావనపాడు సముద్రం. నీలం దారం ఉండ... వాన.

అందరూ భావనపాడు వెళ్ళి, చేపలు తీసుకుని, వాన కంటే ముందు ఇల్లు చేరాలి. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడితే అన్ని వేళ్ళ నడక. నాలుగూ బోర్లా పడితే వాన ఒక జానెడు ముందుకొస్తుంది. ఇంతే ఆట. "మరి గెలిచేది ఎవరు?" అని అడిగాను. నావైపు జాలిగా చూసింది.

ఆ మొదటి ఆటలోనే రెండు తప్పులు చేశాను. నా వేళ్ళతో కొలిచాను. "అమ్మ నా ఏల్లతోనే కొలిసీది" అని నా చెయ్యి తోసేసి తన చెయ్యి పెట్టింది. అది చిన్న తప్పు. రెండోది... వాన వచ్చి చేపలామెని పట్టుకుంటే, ఆ సిపాయిల కాగితం చదివిన అలవాటున, ఆమెని తీసి పక్కన పడుకోబెట్టేశాను. ఇంక లేదన్నట్టు. మణి గవ్వలు కింద పెట్టేసింది. పడుకున్న బొమ్మని చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్న బల్ల మూల ఒక కొత్త వస్తువు కనబడింది. ఎండిన కొబ్బరి పిందెని సగానికి కోసి, లోపల గీకేసి, బోర్లించిన డిప్ప. తాబేలట. "వాన పట్టీసినోల్లు శ్రీకూర్మం ఎల్తారు. తాబేలై ఇంటికొస్తారు. తాబేలు రోజుకి ఒక్క యేలే నడుస్తాది."

నీ అస్థికలు బావ శ్రీకూర్మంలో కలిపిన రోజు, ఇక్కడ కలిపినవాళ్ళు తాబేళ్ళవుతారని మీ అత్తే దానికి చెప్పింది. గుడి ఆవరణలో తిరిగే తాబేళ్ళకి అది గంటసేపు తోటకూర తినిపించింది. నేను పక్కనే ఉన్నాను. పోనీలే, పిల్ల కాసేపు మరిచిపోయింది అనుకున్నాను...

డిప్ప కింద ఎవరున్నారని అడగలేదు. డబ్బాలో పసుపు చీర బొమ్మ ఉండాల్సిన గుడ్డపీలిక ఖాళీగా ఉంది. తర్కం చెప్పేదాన్ని, ఆమాత్రం తెలుసుకోలేనా.

"తాబేలు ఇల్లు సేరీవరకు నువ్వు ఎల్లకు పిన్నీ" అంది. సరే అన్నాను. మిషను ఎంత? మూరన్నర. దాని చిన్న వేళ్ళతో కొలిచినా యాభై దాటదు. మాఘంలో అన్న మాట అది. ఇప్పుడు జ్యేష్ఠం.

తాబేలు చేరలేదక్కా. మణి బడినుంచి రాగానే ఒక వేలు జరిపేది. కొన్నాళ్ళు తెల్లారేసరికి ఒకటో రెండో వెనక్కి ఉండేది. పిల్లే జరుపుతోంది, నేను వెళ్ళిపోతానని, అనుకున్నాను. అందుకే అడగలేదు. లోపల్లోపల ముచ్చటగా కూడా ఉండేది... నన్ను ఒకరు ఇంతగా ఆపుతున్నారు అని. మిషను చెక్క మీద అది రోజూ సుద్దతో ఒక గీత గీసేది. ఏదో పిల్లాట అనుకున్నాను.

ఈలోగా ఇంట్లో ఇంకొక మాట మొదలైంది. నువ్వు వినే ఉంటావు, చచ్చినవాళ్ళకి వినబడుతుందో లేదో నాకు తెలియదు గానీ. "పరాయిది వచ్చి ఈ గుంటని సూస్తాదేటి" అని మీ అత్త వీధి అరుగు మీద కూర్చుని, మణిని చూపిస్తూ అంటుంది, నాకు వినబడేలా. సంవత్సరీకం అయిపోతే బావ నన్ను చేసుకోవడం తప్పులేదట. బావ మంచివాడు. మిల్లు నుంచి వస్తాడు, కాళ్ళు కడుక్కుంటాడు, రేడియో పెట్టుకుంటాడు. ఏజెన్సీ కొండల వైపు గొడవలని, పోలీసులు బస్సులు ఆపి వెతుకుతున్నారని గోడకేసి చెప్తాడు. నా ముఖం చూసి మాట్లాడటం మానేశాడు. పోయిన వారం టెక్కలి నుంచి ఒక చీర తెచ్చి నీ పెట్టె మీద పెట్టాడు. ఎవరికో చెప్పలేదు. నేను తీయలేదు. కట్టిన కాగితం కట్టినట్టే అక్కడే ఉంది. దాన్ని చుట్టి నడవడం అందరికీ అలవాటైపోయింది.

వద్దు అనడానికి నోరు రాలేదు. ఎలా వస్తుంది? నాన్న నన్ను వాల్తేరు పంపనంటే, అన్నం ముందు కూర్చుని ముద్ద ముట్టకుండా "నాను సదవలేదు, దాన్నైనా సదవనియ్యండి" అన్నది నువ్వు కదా. నువ్వు తలుపు తీస్తే బయటికి వెళ్ళినదాన్ని. నీ ఇంటి తలుపు మూసుకుంటుంటే ఎవరిని తీయమనను?

నాలుగు రోజుల క్రితం కాలేజీనుంచి ఉత్తరం వచ్చింది. సెలవు ఏడాది అయిపోతుంది, తెరిచిన రోజు చేరకపోతే ఆ పని వేరొకరికి ఇస్తారు. తెరిచేది నీ సంవత్సరీకం అయిన రెండో రోజున.

ఆ మధ్యాహ్నం మణి బడిలో ఉంది. చినుకులు పడుతున్నాయి. తాబేలు ఇంటికి ఆరు వేళ్ళ దూరంలో ఉంది. ఉత్తరం ఒక చేతిలో ఉండగానే, రెండో చెయ్యి వెళ్ళి దాన్ని రెండు వేళ్ళు వెనక్కి జరిపింది.

ఎందుకు జరిపానక్కా? వెళ్ళాలనే కదా ఇన్నాళ్ళూ రోజులు లెక్కపెట్టాను. అది ఇల్లు చేరితే వెళ్తావా ఉంటావా అని నన్ను నేనే అడగాలి... అందుకా? ఈ ఉత్తరం రాస్తున్నది అసలు ఇది చెప్పడానికే. ఇంకెవరికీ చెప్పలేను.

మర్నాడు తెల్లవారుతుంటే లేచి నడిమింట్లోకి వచ్చాను. మీ అత్త మిషను మీదకి వంగి, ముక్కు బల్లకి ఆనేలా పెట్టి, తాబేలుని వెనక్కి నెడుతోంది.

నన్ను చూసి బెదరలేదు. "నానే. మొదట్నించీ నానే. ఇది ఇల్లు సేరితే నువ్వు బస్సెక్కీస్తావు. నాకు కల్లు ఆనవు, కాలు లెగదు. ఈ గుంటని ఏటి సేసుకుంటానే నాను?" అంది. తాబేలు మీదనుంచి చెయ్యి తీయలేదు. మళ్ళీ తనే, "నీ అక్క ఆడినప్పుడు తాబేలూ లేదు గీబేలూ లేదు. వాన పట్టుకుంటే తడిసీవోరు, అంతే. ఎవులదో అరుగెక్కి ఒక వంతు ఆగి మల్లీ బయలెల్లీవోరు. సంపీడం నువ్వు తెచ్చినావు ఈ ఇంటికి" అంది.

చిన్నప్పుడు బడినుంచి తడిసి వచ్చిన రోజు, పుస్తకాలు పాడయ్యాయని నేను ఏడుస్తుంటే నువ్వు అనలేదూ, "తడిస్తే ఆరతాం. దానికేటి ఏడుపు?" అని. నీ ఆటంతా ఆ మాటే. నేను దానికి చావు నేర్పాను.

అప్పుడు చూశాను, మణి గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది. "మామ్మా, నువ్వా?" అంది. కోపం లేదు. మిషను దగ్గరికి వచ్చి, "అమ్మకే రావాలని లేదనుకున్నాను" అంది.

నాలుగు నెలలక్కా. పొద్దున్నే లేచి, అమ్మ వెనక్కి వెళ్ళిపోయిందని చూసుకుని, పలక పట్టుకుని బడికి వెళ్ళింది ఆ పిల్ల. నన్ను ఆపడం కాదు... అది నిన్ను రప్పిస్తోంది. మేమిద్దరం నిన్ను తోసేస్తున్నాం.

"నిన్న నేనూ జరిపాను" అని చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు. మీ అత్త తల తిప్పి నన్ను చూసింది.

మణి కింద కూర్చుని, మిషను చెక్క మీద సుద్దగీతలు లెక్కపెట్టింది. రోజుకొకటి, అంటే తాబేలు నడిచిన వేలుకొకటి. పదిపదిగా వేళ్ళు ముడుచుకుని చివరిదాకా లెక్కపెట్టి, "ఉగాదికే వచ్చీసినాది" అంది. తాబేలుని ఎత్తి అగ్గిపెట్టె ఇంటి ముందు పెట్టింది. డిప్ప తీసింది.

పసుపు చీర బొమ్మ. పక్కకి ఒరిగి ఉంది. కొప్పు కూడా పెట్టుకున్నావు.

లోపల పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. కిటికీ గట్టు మీద, సన్నటి ఎండ పడే చోట నిలబెట్టింది. "తడిసిపోయినాది. ఆరినాక లోపలికొస్తాది" అంది. ఆ మాట నువ్వు దానికీ చెప్పావన్నమాట... అప్పుడు ఏడ్చింది. మీ అత్త దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. చాలాసేపు ఏడ్చింది అక్కా, పిల్లలు ఏడ్చినట్టే, ముక్కు కారుతూ.

ఏడుపయ్యాక నన్ను అడిగింది, "ఇంక ఎల్తావా?" అడిగి, తనే పెరట్లోకి వెళ్ళి తడిమట్టి తెచ్చింది. మనిషిని చేసింది, చేతికి సంచీ తగిలించింది. బల్ల మీద విజయనగరానికి చోటు లేదు. కాసేపు ఆలోచించి ముక్కాలిపీట లాక్కొచ్చి మిషను పక్కన వేసి, సిపాయిల పెట్టె దాని మీద పెట్టింది. "ఈల్లు ఆ ఊరోల్లు" అంది. మధ్యలో ఖాళీని తన చేత్తో కొలిచి, "రెండు జానలే" అంది. "శనివారం శనివారం వస్తావేటి?"

వస్తానన్నాను. ఆదివారం ఉండి సోమవారం తెల్లవారుజామున బస్సు. చెయ్యగలనా? ఎన్నాళ్ళు? నేను వెళ్ళడం సరైనదేనా, లేక నాకు కావాల్సింది పిల్ల నోట వచ్చేసరికి పట్టుకున్నానా? నువ్వుంటే ఒక్క మాటలో తేల్చేదానివి. నేను తేల్చలేను.

ఆ చీర మణి పెద్దయ్యాక కట్టుకుంటుందని మీ అత్తతో చెప్పి, నీ పెట్టెలో పెట్టి మూత వేశాను. బావ వింటున్నాడు. రేడియో గొంతు కొంచెం పెంచాడు. అంతే. మీ అత్త నిన్నటినుంచి నాతో మాట్లాడటం లేదు గానీ, కూరలో ఉప్పు సరిపోయిందా అని గోడనడిగినట్టు అడుగుతోంది.

ఇవాళ మధ్యాహ్నం మణి నా చెంగు ముడి వేసుకోకుండానే నిద్రపోయింది. నాకే నిద్ర పట్టలేదు. చెంగు తీసి దాని చేతి పక్కన పెట్టి, ఇది రాయడానికి కూర్చున్నాను.

బొమ్మ ఇంకా కిటికీలోనే ఉంది. తొందరేం లేదు, బాగా ఆరనీ. సంవత్సరీకం అయిన మర్నాటి బస్సుకి వెళ్తాను. మొదటి శనివారమే వస్తాను. దారిలో వాన పట్టుకుంటే, ఎవరిదో అరుగెక్కి ఒక వంతు ఆగుతాను.

నువ్వు సదవనిచ్చిన
నీ చెల్లి