సెల్లార్ ర్యాంపు మీద బావ

ఆదివారం రాత్రి

మధ్యాహ్నం టీ తాగుతూ అక్క మొగుడు మళ్లీ మొదలుపెట్టాడు. "నీకు గేర్లెందుకు పిల్లా? ఆడోళ్లకు ఆటోమేటికే అల్కగ ఉంటది. రేపు విజయవాడకు మామ కారు నేనే తోల్త." ఆ కారు నన్నే నడపనిస్తానని నాన్న మాటిచ్చి నెలైంది.

"సరే బావా, ముందు సెల్లార్‌లకెళ్లి పైకి తీస్కరా" అని తాళాలిచ్చాను. బావ సొంత ఆటోమేటిక్ కారును వాలు మీద జారకుండా ఆపేది కంప్యూటరేనని నాకు తెలుసు. మా పాత గేర్ల బండి ర్యాంపు మీద మూడుసార్లు ఆగి, వెనక్కి జారింది. చివరికి వాచ్‌మన్ చక్రం కింద ఇటుక పెట్టాడు. నేను వీడియో తీశాను.

నాన్న నవ్వి తాళాలు నా చేతికిచ్చాడు. బావా నేనూ ఉన్న ఎల్బీనగర్ కార్ల వాట్సాప్ గ్రూపులో ఆ వీడియో ఇప్పుడే పెట్టాలనుంది. అక్క మాత్రం నవ్వలేదు. బావ ఈ కోపమంతా ఇంటికెళ్లాక తన మీదే తీర్చుకుంటాడని అక్క భయం... అయినా వీడియో చెరిపెయ్యబుద్ధి కావడం లేదు.