మనీషా పేరు ఎదుట పెట్టిన టిక్కు

మామిడిపల్లి
ఏప్రిల్ 5

ప్రియమైన బాపూ,

ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక ఇలా రాస్తున్నాను. తమ్ముడు జగదీశ్ చదివి వినిపించాక నువ్వు నన్ను తిట్టినా సరే.

నా ఐదో తరగతిలో మనీషా అనే పిల్ల ఉంది. వాళ్ళమ్మ శోభ మా బడి దగ్గరి ఎయిర్‌పోర్టులో ఊడ్చే పని చేస్తుంది. నిన్న ఆమె ఒక పెళ్ళిపత్రిక పట్టుకుని నేరుగా క్లాసుకే వచ్చింది. "ఐదేండ్ల సంది బడికొస్తున్నది టీచర్. గీ పత్రిక చదువుమంటే పొల్ల ఏడ్సింది. ఆరుకు పంపకుండ్రి, ఇంకో ఏడు ఈడనే ఉంచుండ్రి" అంది. పిల్లల్ని అదే తరగతిలో ఆపే నియమం లేదన్నాను. "మరి దీనికి చదవొస్తదని ఎవలు రాసిండ్రు?" అని అడిగింది.

రాసింది నేనే బాపూ. ఫిబ్రవరిలో చదివించి చూసినప్పుడు, మనీషా పక్కపిల్ల పెదాలు చూసి పలుకుతోందని నాకు తెలిసిపోయింది. అయినా పై అధికారులకు పంపే పట్టికలో 'చదవగలదు' అన్న చోట టిక్కు పెట్టాను. బడికి చెడ్డపేరు వస్తుందన్న భయం ఒకటి. ఇంకోటి నువ్వు. నాలుగో తరగతిలో రెండుసార్లు ఫెయిల్ చేస్తే నువ్వు బడి మానేసి గొర్ల వెంట పోయావని వింటూ పెరిగాను. ఏ పిల్లకూ ఆ గతి పట్టకూడదనుకున్నాను. ఇప్పుడు శోభకు ముఖం చూపించలేకపోతున్నాను.

నీ బిడ్డ,
అనుపమ

కొత్తూరు
ఏప్రిల్ 11

బిడ్డా అనూ,

నేను చెప్తున్న, జగదీశ్ రాస్తున్నడు. నన్ను నాలుగుల ఉంచిండ్రు, నిజమే. గా రెండేండ్లు ఎన్క వరుసలనే కూసున్న. నాకు రానిది ఏందో ఒక్కరన్న అడగలే. ముంగటికి తోలినా గంతే అవుతుండె. గందుకే పొల్ల ఏ తరగతిల ఉండాలె అని పరేషాన్ కాకు. జర దాని పక్కన నువ్వు కూసో. రాసిన అబద్ధం ముందుగాల కొట్టేయ్. మీ పెద్దసారు తిడితే తిట్టనీ.

నీ బాపు,
గోపయ్య

మామిడిపల్లి
సెప్టెంబరు 2

మా బాపూ,

ఇన్నాళ్ళూ రాయనందుకు కోపగించుకోకు. చెప్పడానికి ఏదైనా ఉండాలని ఆగాను.

నీ ఉత్తరం అందిన రోజే హెడ్మాస్టర్ దశరథం సారు ముందు పట్టిక తెరిచి, చేసింది చెప్పాను. ఆయన పట్టికను తనవైపు తిప్పుకున్నారు. "ఇట్ల రాసింది నువ్వొక్కదానివే అనుకుంటున్నవా అమ్మా?" అన్నారు. ఇద్దరం కూర్చుని పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి చదివించాం. ఇరవై ఎనిమిది మందిలో పదకొండు మందికి రాదు. సారు ఆ లెక్కే పై అధికారులకు పంపారు. ఇద్దరం మాటలు పడ్డాం.

మనీషా ఆరుకే వెళ్ళింది. హైస్కూలు మా ప్రహరీలోనే ఉంది కదా, రోజూ గంట కొట్టకముందే నా దగ్గరికి పంపమని శోభను అడిగాను. టిక్కు సంగతీ చెప్పాను. ఆమె "పంపుత" అంది, అంతే.

గుణింతాల దగ్గర మొదలుపెట్టాం. జూలై అంతా ఏమీ కదల్లేదు. "అయితదా టీచర్?" అని శోభ అడిగితే, తెలియదనే చెప్పాను. ఆగస్టులో వత్తులు పట్టుబడ్డాయి. మిగతా పదిమందిలో ఆరుగురు కూడా ఇప్పుడు వస్తున్నారు.

ఈ పొద్దున మనీషాకు ఎన్నడూ చూడని కథ ఇచ్చాను. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన శోభ గుమ్మంలోనే నిలబడింది. పిల్ల సగం పేజీ చదివేసరికి తలమీదుగా విమానం దిగుతూ వచ్చింది. ఏమీ వినపడలేదు. మనీషా ఒక మాట మీద వేలు పెట్టి ఆగింది. చప్పుడు పోయాక, ఆ మాట దగ్గరే అందుకుని చదువుకుంటూ పోయింది.

నీ
అనూ