పూజలో పెట్టిన తుపాకీ

మెల్‌బోర్న్ నగరం, వెర్రిబీలో కూతురి దగ్గర ఉంటున్న తాడికొండ శ్యామసుందరి అను నేను, వయస్సు డెబ్బై రెండు, మతి స్థిరంగా ఉండగానే, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. మతి స్థిరంగానే ఉంది గానీ గుండెదడ మాత్రం ఇంకా తగ్గలేదు. మా ఆయన తెనాలిలో దస్తావేజు లేఖరి కాబట్టి ఈ భాష నాకు కొత్త కాదు. ఇందులో తుపాకీ గురించి రాయాల్సి వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

1. నా చంద్రహారం, పట్టుచీరలు నా ఏకైక కుమార్తె నీలిమకు చెందవలెను. ఆకుపచ్చ కంచిపట్టు దాచుకోకుండా కట్టుకోవాలి.

2. పక్కవీధి హనుమయ్య గారు పట్టుకుపోయిన ఇడ్లీపాత్ర ఆయనే ఉంచుకోవచ్చు. అడగడానికి వెళ్ళి ఆయన ముఖం చూడటం నాకిష్టం లేదు. ఆమధ్య రెండు వీధుల అవతల ఎవరింట్లోనో దొంగలు పడ్డారు. ఆ ఆదివారం మా పెరట్లో బార్బెక్యూ పొయ్యి దగ్గర హనుమయ్య గారూ, నా అల్లుడు వివేకూ ఇంటికి ఏ తుపాకీ మంచిదో చర్చించారు. "షాట్‌గన్ తీసుకోవోయ్, సౌండ్‌కే పారిపోతారు" అని ఈయన. "రైఫిలే బెటరంకుల్, రీకాయిల్ తక్కువ, భుజాన్ని తన్నదు, రివ్యూస్ కూడా బావున్నాయి" అని అతను. ఫ్రిజ్ కొనేటప్పుడు కూడా ఇలాగే మాట్లాడుకున్నారు. ఇంటి కాపలాకని అడిగితే ఈ దేశంలో లైసెన్సు ఇవ్వరట. అందుకని షూటింగ్ క్లబ్బులో చేరి, ఆటకోసమని చెప్పి వివేక్ రైఫిల్ తెచ్చుకున్నాడు.

3. కింది షరతుకు కారణం అందరికీ తెలియాలి. మొన్న దసరాలో ఆయుధపూజకు కారు తాళాలు, లాప్‌టాప్, కత్తిపీట పక్కన ఆ రైఫిల్‌నీ పెట్టి కుంకుమ అద్దారు. తూటాలకు కూడా అద్దారు. పూజ కాగానే పెట్టెలో పెట్టి తాళం వెయ్యమన్నాను. "రేపు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు అత్తయ్యా" అన్నాడు, శనివారం కూడా చికెన్ మానని మహాభక్తుడు.

ఆ మధ్యాహ్నం నీలిమ డ్యూటీకి వెళ్ళింది, నేను మేడమీద పడుకున్నాను. మనవరాలు స్నేహ నెట్‌బాల్ ఆడి వచ్చి బెల్లు కొట్టింది. వివేక్ చెవుల్లో హెడ్‌ఫోన్లు, ఆఫీసు మీటింగు. తాళంచెవి మరిచిపోయిన పిల్ల బట్టలుతికే గది కిటికీలోంచి దూరింది. అప్పుడే హెడ్‌ఫోన్లు తీసిన వివేక్‌కు బకెట్ పడిన చప్పుడు వినిపించింది. నేను మెట్లు దిగేసరికి అమ్మవారి ముందున్న రైఫిల్ తీసి, తూటా పెట్టి, కన్నకూతురి మీదికి గురిపెట్టి ఉన్నాడు. "డాడీ, ఇట్స్ మీ! డాడీ!" అని పిల్ల ఒకటే కేకలు. కదపకూడదన్నవాడే కదిపాడు. పేలలేదు. పేలి ఉంటే ఇది రాయడానికి నేనుండేదాన్ని కాదు.

4. నీలిమ మర్నాడే దాన్ని పోలీసులకు అప్పజెప్పించింది. ఇప్పుడు వివేక్ మళ్ళీ రివ్యూలు చదువుతున్నాడు. ఈసారి వేలిముద్రతో తెరుచుకునే పెట్టె కూడా కొంటాడట. కావున ఈ ఇల్లు కొన్నప్పుడు నేను పెట్టిన డబ్బుకు వచ్చిన నా సగం వాటా స్నేహకు రాస్తున్నాను. పిల్లకు పద్దెనిమిది నిండేదాకా నా స్నేహితురాలు కళావతి ఆ వాటా బాధ్యత చూడవలెను. ఈ గడప లోపలికి తుపాకీ రాకూడదు. వస్తే కళావతి ఆ వాటా అమ్మించి, తల్లీబిడ్డలను వేరే ఇంట్లో పెట్టవలెను.

5. వివేక్‌కు మా ఆయన చేతికర్ర. అతను చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే మిరియాల చారు కాచి తెచ్చేది అతనే. ఒట్టి భయస్థుడు, అంతే.

6. కళావతికి చివరి మాట. స్నేహ ఆనాటినుంచి తాళంచెవి ఉన్నా తలుపు తియ్యదు. బయటే నిలబడి పేరు చెప్పి, రెండు చేతులూ పైకెత్తి లోపలికి వస్తుంది. చేతులు దించవే తల్లీ అంటే, "ఇట్స్ ఓకే అమ్మమ్మా, హ్యాబిట్" అంటుంది. పిల్ల చేతులు దించి తనింట్లోకి తను నడిచి వచ్చేదాకా, ఎవరు కాళ్ళావేళ్ళా పడ్డా నా షరతు సడలించకు.

వెర్రిబీ, 2026 మార్చి 9.

(సంతకం) తాడికొండ శ్యామసుందరి

మా కళ్ళెదుట సంతకం చేశారు. సాక్షులు:
సాహిత్య, ఎదురింటి వాస్తవ్యురాలు
కోటమ్మ, సాహిత్య అత్తగారు