గ్యాస్కెట్ రేకు, అంగడాయన చెంప

మల్లికా, ఈ చీటీ రాసిపెట్టి పోతున్న నీ మామ నిన్న ప్రొద్దుటూరులో ఒంటిచేత్తో ముగ్గురిని మట్టి కరిపించి వచ్చినాడు. అయినా నీ మొగుడు తిరుపాల్ లేచి కొడవలి అడిగితే ఇవ్వొద్దు. దాన్ని నీ మామే గొర్రెల దొడ్లో మేత కింద దాచినాడు.

నీ మొగుడు నిన్న అన్నది నువ్వూ విన్నావు. "నిన్ను కొట్టింటే పోనీలే అనుకుందును నాయనా. సచ్చిపోయిన మాయమ్మను తిడతాడా ఆ అంగడోడు? పొద్దున్నే పోయి వాని చెయ్యి నరికేస్తా."

జరిగింది ఇది. మన వ్యాను పేరు చెప్పి నీ మామ ఇంజను సందుల్లో నూనె కారకుండా పెట్టే గ్యాస్కెట్ రేకు కొన్నాడు. తెచ్చి పెడితే బోల్టు రంధ్రాలు కలవలేదు. నిన్న మళ్లీ పోయి ఇస్తే అంగడాయన వెనక్కి తీసుకోనన్నాడు, నీ మామ ఆ రేకును ఆయన మొహం మీదికి విసిరినాడు. చెంప చీరుకుపోయి రక్తం కారింది. ఆయన స్పానరు తీసి నీ మామ తల పగలగొట్టినాడు. ముగ్గురూ లేరు, అక్కడ ఉన్నది ఆయనొక్కడే. మట్టి కరిచింది నీ మామే.

కుట్లు వేయించుకుని బస్సెక్కినాక గుర్తొచ్చింది. మన వ్యానులో ఉన్నది దాని సొంత ఇంజను కాదు, జమ్మలమడుగులో తుక్కుకు వచ్చిన వేరే బండిది. మనమే బిగించి మరిచిపోయినాం. ఆయన ఇచ్చిన రేకు తప్పు కాదు.

అందుకే పాత రేకును సంచిలో వేసుకుని తొలి బస్సుకు పోతున్నాడు. ఈసారి దానిమీద పెట్టి చూసి కొత్తది తెస్తాడు. ఆయన మళ్లీ స్పానరు ఎత్తితే తలొంచుకుంటాడు. కట్టు కట్టుకోను నీ పాత చీర చించినాడు, తిట్టుకో.

తిరుపాల్ చెప్పులు తొడుక్కోకముందే చెప్పు: అంగడాయన మీ అత్తను ఒక్క మాట అనలేదు. వట్టి తన్నులు తిని వచ్చినానంటే కథకు కళ ఉండదని, ఆ తిట్టు నీ మామ దారిలో కల్పించినాడు.