కండ్లు దిద్దని తల్లి

చిన్నమ్మా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నువ్వు బట్ట మీద వేస్తూ వదిలేసిన తెలంగాణ తల్లి బొమ్మను కోరుట్ల దీక్షా శిబిరం వాళ్లు రేపటి ర్యాలీకి అడిగిండ్రు. కండ్లు ఒక్కటే మిగిలినయి. మనింట్ల కండ్లు మగోళ్లే దిద్దాలె, దిద్దినోళ్లే కింద పేరు రాసుకోవాలె. నలభై ఏండ్లు నువ్వేసిన బొమ్మల కింద మొదట మీ బాపు పేరు, తర్వాత మీ అన్న, అదే మా మామ పేరు.

పొద్దున మామ కుంచె పట్టుకొని వచ్చిండు. "చిన్నమ్మ పేరు రాయి మామా" అన్న.

"ఇది నీ కాలేజీ కాదు బిడ్డా, పాఠాలు చెప్పకు. అందరం ఒక్కింటోళ్లమే గదా."

"ఒక్కింటోళ్లమైతే ఆమె పేరే రాయరాదు?"

నవ్విండు. ఆ నవ్వుకే నాకు ఒళ్లు మండింది. కుంచె గుంజుకొని నీ పేరు నేనే రాసిన. అక్షరాలు వంకర పోయినయి. మామ అలిగి, కండ్లు దిద్దకుండనే పోయిండు. కండ్లు దిద్దుడు నాకు రాదు. రేపు తల్లి కండ్లు లేకుండనే ఊరేగుతది, ఊరంతా నన్ను తిడ్తది.

నీ మీద గూడ కోపమే. ఇన్నేండ్లల్ల ఆ పేరు నీకు కావాల్నో వద్దో నువ్వు చెప్పలే. నేనన్నా నిన్ను అడగలే. అడగకుండనే రాసిన. ఈపాటికి రంగు ఆరిపోయి ఉంటది.