నీ కంప్యూటర్‌ని పలాస నుంచి లేపాను

అప్పన్న బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజే పలాసకి ఒక ఆరోగ్యశాఖ అధికారి వచ్చాడు. మన ఊళ్లో ఎంతమంది కిడ్నీలు పాడై పడున్నారో చెబితే నవ్వాడు.

"నోటి మాటలొద్దు. పేర్ల జాబితా ఉందేటి? ఉంటే గంటలో తే."

ఉద్యమ కరపత్రాల్లో అధికారుల మీద చదివిన తిట్లన్నీ గొంతు దాకా వచ్చాయి. మింగేశాను.

జాబితా అక్కుపల్లిలో, నీ కంప్యూటర్‌లో ఉంది. డయాలసిస్‌కి తిరుగుతూనే ఇంటింటికీ వెళ్లి రాశావు. అది ఆపేసి ఉన్నా, ఎక్కడినుంచైనా నెట్‌లో దాన్ని ఎలా లేపి తెరవాలో నాకు నేర్పావు. నెట్ సెంటర్‌లో కూర్చుని మూడుసార్లు సిగ్నల్ పంపాను. లేవలేదు. అత్తకి ఫోన్ చేశాను.

"ఆడే పోనాడు, ఇంక కరెంటెందుకని పిలగ్గు పీకీసినాన్రా."

"బుద్ధుందేటత్తా నీకు? ముందు పెట్టు!" అని సెంటరంతా వినేలా అరిచాను.

"పెడతాను గానీ, ఆడి బటన్ మాత్రం నాను ముట్టను."

మళ్లీ సిగ్నల్ పంపాను.

"ఎలిగింద్రా," అంది అత్త.

తెరిచి చూస్తే జాబితాలో ఊరంతా ఉంది, నీ పేరు లేదు. నీది రోగం కాదా బావా? ఎవర్ని ఉద్ధరిద్దామని నిన్ను వదిలేసుకున్నావు? ఒళ్లు మండిపోయింది. ప్రింటు తీయించి, అన్నిటికంటే పైన నీ పేరు పెన్నుతో రాశాను. పట్టుకెళ్లి ఇచ్చాను.

"చేత్తో రాసింది చెల్లదు," అన్నాడు అధికారి.

తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. ఆ మొదటి పేరు ఆయన చేత పైకి చదివించాకే పక్కకి జరిగాను.